సరుకు బండికి సొంత దారి: ప్రత్యేక రవాణా రైలు మార్గాన్ని నిర్మించే పద్ధతి

మన రైలు వ్యవస్థలో గూడ్సు బండికి ఉన్న స్థానం ఏమిటో తెలియాలంటే పెద్ద జంక్షన్‌కు ఒకటి రెండు స్టేషన్ల ఇవతల ఒక పూట గడిపితే చాలు. బొగ్గు నిండిన రేకు, అంటే ఒకే బండిగా కూర్చిన వ్యాగన్ల వరుస, మెయిన్ లైను పక్కనుండే లూప్ లైనులో ఆగి ఉంటుంది. మెయిన్ లైను మీద ఒక ఎక్స్‌ప్రెస్ పోతుంది, దాని వెనుక మరొకటి, ఆ తరువాత ప్యాసింజరు బండి. సిగ్నల్ పడేదాకా సరుకు కదలదు. గూడ్సు బండ్ల సగటు వేగం ఏళ్ల తరబడి గంటకు 25 కిలోమీటర్ల అటూ ఇటూగా ఉండిపోవడానికి ప్రధాన కారణం ఈ నిరీక్షణే.

చిన్న లెక్క వేసి చూద్దాం. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోయే ఎక్స్‌ప్రెస్ 100 కిలోమీటర్ల సెక్షన్‌ను సుమారు 55 నిమిషాల్లో దాటుతుంది. 60 కిలోమీటర్ల వేగంతో పోయే గూడ్సుకు 100 నిమిషాలు పడుతుంది. వెనుక వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు అడ్డు తగలకుండా గూడ్సు ముందుగా బయలుదేరాలంటే ఆ రెండింటి మధ్య 45 నిమిషాల ఖాళీ అదనంగా విడిచిపెట్టాలి. పది నిమిషాలకు ఒకటి చొప్పున గూడ్సు బండ్లను మాత్రమే పంపగలిగితే ఆ 45 నిమిషాల్లో నాలుగు వెళ్లిపోయేవి. వేగాలు ఒకేలా ఉన్న బండ్లను ఒకే దారిలో పెట్టడం ఎందుకు అవసరమో ఈ ఒక్క లెక్క చెబుతుంది. ప్రయాణికుల బండ్లకూ అంతే మేలు జరుగుతుంది, ఎందుకంటే పాత లైను వారికి మిగులుతుంది.

దేశంలోని నాలుగు మహానగరాలను కలిపే చతుర్భుజి, దాని రెండు కర్ణాలు కలిపి 10,122 కిలోమీటర్లు. రైల్వే సరుకులో సగానికి పైగా ఆ దారుల మీదనే నడుస్తుంది. ఆ ఒత్తిడిని తగ్గించడానికే, సరుకు బండ్లకు ప్రత్యేకించిన మార్గాలు (కారిడార్లు) కట్టేందుకు 2006 అక్టోబరు 30న డెడికేటెడ్ ఫ్రైట్ కారిడార్ కార్పొరేషన్‌ను స్థాపించారు. పంజాబ్‌లోని సాహ్నేవాల్ నుంచి బిహార్‌లోని సోన్‌నగర్ వరకు 1,337 కిలోమీటర్ల తూర్పు కారిడార్, ఢిల్లీ సమీపంలోని దాద్రీ నుంచి ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవు వరకు 1,506 కిలోమీటర్ల పశ్చిమ కారిడార్ ఆ సంస్థకు అప్పగించిన పనులు. ఇలాంటి మార్గాన్ని కొత్తగా తలపెట్టేవారికీ, ప్రాజెక్టు నివేదికలు చదివేవారికీ, తమ జిల్లా మీదుగా లైను రాబోతున్నదని విన్నవారికీ ఆ రెండింటి అనుభవమే మంచి పాఠ్యగ్రంథం. ఖరగ్‌పుర్ నుంచి విజయవాడకు, ఇటార్సీ నుంచి నాగ్‌పుర్ మీదుగా విజయవాడకు కారిడార్లు ప్రతిపాదనలో ఉన్నాయి కనుక తెలుగువారికి ఈ విషయం దగ్గరిది.

ముందు సరుకు లెక్క

పటం మీద గీత గీయడానికి ముందు ఏ సరుకు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దిశలో, ఏ నెలల్లో కదులుతున్నదో రేకుల వారీగా రాసుకోవాలి. టన్నుల మొత్తం ఒక్కటే చూస్తే పొరపాటు జరుగుతుంది. తూర్పు కారిడార్‌లో ప్రధాన సరుకు బొగ్గు. అది తూర్పు గనుల నుంచి ఉత్తరప్రదేశ్, హరియాణా, పంజాబ్ విద్యుత్ కేంద్రాలకు వెళుతుంది, తిరుగు ప్రయాణంలో చాలా వ్యాగన్లు ఖాళీగా వస్తాయి. పశ్చిమ కారిడార్‌లో కంటైనర్లు రెండు దిశల్లోనూ నడుస్తాయి. ఈ తేడా వల్లనే రెండింటి కొలతలు, ఆదాయ అంచనాలు వేరయ్యాయి.

ఒకే సరుకు, ఒకే దిశ, ఖాయమైన కొనుగోలుదారు ఉన్నప్పుడు పని చాలా సులువవుతుంది. చైనాలోని దాతోంగ్ నుంచి చిన్హ్వాంగ్‌దావ్ ఓడరేవుకు వేసిన 653 కిలోమీటర్ల బొగ్గు లైను ఏడాదికి 40 కోట్ల టన్నులకు మించి మోసిన సంవత్సరాలున్నాయి. అంత పెద్దది కాకపోయినా మనకూ అలాంటిది ఉంది. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస–కిరండూల్ లైను వేసినప్పుడు గని, రైలు మార్గం, విశాఖ రేవులో ఖనిజాన్ని ఎక్కించే యంత్రాలు ఒకే ఆలోచనలో భాగాలుగా రూపొందాయి. అరకు వెళ్లేవారు ఆ సొరంగాల అందాన్ని చూస్తారు కానీ, అది పుట్టుకతోనే సరుకు లైను అన్న సంగతి చాలామందికి తెలియదు.

అనేక సరుకులు కలిసే మార్గానికి మరింత జాగ్రత్త కావాలి. తూర్పు తీరాన్నే తీసుకోండి. తాల్చేరు బొగ్గులో కొంత పారాదీప్ దాకా రైలులో వెళ్లి, అక్కడి నుంచి ఓడలో దక్షిణాది రేవులకు చేరి, మళ్లీ రైలెక్కుతుంది. ఖరగ్‌పుర్–విజయవాడ మార్గానికి సరుకు అంచనా వేసేవారు ఆ సముద్ర మార్గాన్ని పోటీదారుగా లెక్కలోకి తీసుకోకపోతే కాగితం మీద కనిపించే బొగ్గు పట్టాల మీదికి రాదు. పైగా బొగ్గు వాడకం రానున్న దశాబ్దాల్లో ఎంత ఉంటుందన్నది విధానాలను బట్టి మారే విషయం. నలభై యాభై ఏళ్లు నిలవాల్సిన కట్టడానికి బొగ్గు ఒక్కదాన్నే ఆధారం చేసుకోవడం సరికాదని నా అభిప్రాయం. నల్లగొండ, పల్నాడు, కడప ప్రాంతాల సిమెంటు, విశాఖ ఉక్కు, గోదావరి జిల్లాల ధాన్యం, ఎరువులు, రేవుల కంటైనర్లు ఎంత వస్తాయో విడివిడిగా లెక్కించి, బొగ్గు సగానికి పడిపోయినా మార్గం నిలబడుతుందా అని ఒకసారి పరీక్షించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. దేశంలో సరుకు రవాణా, నిల్వల ఖర్చు జీడీపీలో 13–14 శాతమని ఏళ్ల తరబడి ప్రతి ప్రసంగంలో విన్నాం. పద్ధతి ప్రకారం లెక్కించిన ఆర్థిక పరిశోధన సంస్థ ఎన్‌సీఏఈఆర్ 2021–22 సంవత్సరానికి దాన్ని 7.8 నుంచి 8.9 శాతం మధ్యగా అంచనా వేసింది. పాత అంకెను ఆధారం చేసుకుని ఆదా అయ్యే మొత్తాన్ని చూపించే నివేదిక ఏదైనా సరే, దాన్ని వెనక్కి పంపి మళ్లీ లెక్క వేయించాలి.

తరువాత మార్చలేని కొలతలు

ఒక రైలు మార్గంలో కొన్నింటిని తరువాత మార్చుకోవచ్చు: సిగ్నళ్లు, ఇంజన్లు, వ్యాగన్లు, అవసరమైతే పట్టాలు. కొన్నింటిని మార్చలేము: కట్ట, వంతెనల బలం, వాలు, మలుపు, తలపైన ఉన్న ఖాళీ. డబ్బు తక్కువైనప్పుడు మొదటి జాబితాలో కోత పెట్టండి, రెండో జాబితా జోలికి వెళ్లకండి. ఈ మాటను ఎంత గట్టిగా చెప్పినా ఎక్కువ కాదు.

మన కారిడార్లలో ఈ సూత్రాన్ని చక్కగా పాటించారు. ప్రస్తుతం నడిచేది ఇరుసుకు 25 టన్నుల భారమైనా, కట్టనూ వంతెనలనూ 32.5 టన్నులకు తట్టుకునేలా కట్టారు. సాధారణ లైన్లలో ఇరుసు భారం 22.9 టన్నుల దగ్గర ఆగిపోతుంది. 25 టన్నులంటే తేడా చిన్నదిగా అనిపించవచ్చు. వ్యాగన్‌కు నాలుగు ఇరుసులు కనుక వ్యాగన్‌కు 8.4 టన్నులు అదనం. వ్యాగన్ సొంత బరువులో పెద్ద తేడా లేకపోతే ఆ అదనమంతా సరుకే. 58 వ్యాగన్ల రేకులో అది దాదాపు 490 టన్నులు. అదే ఇంజను, అదే సిబ్బంది, అదే దారి.

వాలు విషయంలో కఠినంగా ఉండాలి. సమతలం మీద సాగుతున్న బండికి టన్నుకు సుమారు 2 కిలోల లాగుడు బలం సరిపోతుంది. 200 మీటర్లకు 1 మీటరు ఎత్తు పెరిగే దారిలో దానికి మరో 5 కిలోలు, 100 మీటర్లకు 1 మీటరు పెరిగే దారిలో మరో 10 కిలోలు చేరుతాయి. అంటే 1,500 కిలోమీటర్లలో ఎక్కడో ఒక చోట ఖర్చు తగ్గించడానికి ఏటవాలు దారి వేస్తే మొత్తం మార్గం మీద బండి బరువును ఆ ఒక్క ఎత్తే నిర్ణయిస్తుంది. మన కారిడార్లలో 200కు 1 అనే హద్దు పెట్టుకుని, మలుపు వ్యాసార్ధం 700 మీటర్లకు తగ్గకుండా చూశారు. అందుకోసం హరియాణాలో సోహ్నా దగ్గర ఆరావళి కొండను తొలిచి సుమారు కిలోమీటరు పొడవైన సొరంగం కట్టాల్సి వచ్చింది.

ఆ సొరంగం ప్రత్యేకత ఎత్తులో ఉంది. పశ్చిమ కారిడార్‌లో ఒక కంటైనర్ మీద మరొకటి పెట్టి, విద్యుత్ తీగల కింద నడపాలని నిర్ణయించారు. అందుకు బండి ఎత్తును 7.1 మీటర్ల వరకు అనుమతించి తీగలను అంతకంటే పైకి లేపారు. 45 వ్యాగన్ల కంటైనర్ బండి ఒక వరుసలో 20 అడుగుల పెట్టెలు 90 మోస్తుంది; రెండు వరుసల్లో 180; బండి పొడవును 700 మీటర్ల నుంచి 1,500 మీటర్లకు పెంచితే 360. తూర్పు కారిడార్‌లో ఎత్తు 5.1 మీటర్లకే పరిమితం చేశారు. బొగ్గుకు అది సరిపోయినా, భవిష్యత్తులో ఆ దారిన రెండంతస్తుల కంటైనర్లు నడపాలనుకుంటే వంతెనలూ తీగలూ అడ్డు వస్తాయి. తీరం వెంట కొత్త మార్గం వేసేటప్పుడు విశాఖ, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం రేవుల కంటైనర్లను దృష్టిలో ఉంచుకుని మొదటి రోజు నుంచే పూర్తి ఎత్తు పెట్టాలని నేను వాదిస్తాను.

డెల్టా నేలల సంగతి వేరుగా చెప్పాలి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో మెత్తని బంకమట్టి మీద ఎత్తయిన కట్ట పోస్తే అది ఏళ్ల తరబడి కుంగుతుంది. మట్టిలోని నీరు పిండుకుపోవడానికి నిలువు కాలువలు పెట్టి, కట్ట మీద అదనపు బరువు పోసి, కుంగుబాటు ఆగేదాకా కాచుకోవాలి. పంట కాలువలకు, మురుగు కాలువలకు తగినన్ని తూములు విడవకపోతే తుపాను వచ్చిన ఏడాది కట్టే ఆనకట్టగా మారి ఎగువ పొలాలను ముంచుతుంది. ఈ పనికి పట్టే కాలాన్ని ప్రణాళికలో ముందే చూపించాలి.

నేల

మన రెండు కారిడార్ల ఆలస్యానికి కారణాలు వెతికితే ఇంజినీరింగు కంటే ముందు నేలే కనిపిస్తుంది. సంస్థ పుట్టింది 2006లో. తొలి పెద్ద సెక్షన్, భావుపుర్–ఖుర్జా మధ్య 351 కిలోమీటర్లు, ప్రారంభమైంది 2020 డిసెంబరు 29న. మొదట సుమారు 28 వేల కోట్ల రూపాయలుగా ఉన్న అంచనాను 2015లో 81,459 కోట్లకు సవరించాల్సి వచ్చింది. ప్రత్యేక ప్రాజెక్టులకు భూసేకరణ చేయడానికి రైల్వే చట్టాన్ని 2008లో సవరించారు. 2013 భూసేకరణ చట్టం వచ్చాక పరిహారం లెక్కలు మళ్లీ మారాయి. ఒకే ఊరిలో ముందు తీసుకున్న పొలానికి ఒక ధర, తరువాత తీసుకున్న పొలానికి మరో ధర అయితే ఏ రైతు అయినా న్యాయస్థానానికి వెళ్లడం సహజం.

కాబట్టి పద్ధతి ఇలా ఉండాలి. వీలైనంత మేర ఉన్న రైలు మార్గం పక్కనే సాగండి, ఎందుకంటే అక్కడ రైల్వేకు కొంత స్థలం ముందే ఉంటుంది. పట్టణాలు వచ్చినచోట మాత్రం చుట్టూ తిరగండి. అలీగఢ్, ఫిరోజాబాద్, ఇటావా, కాన్పుర్, సూరత్, వడోదర దగ్గర అలాగే చేశారు. ఊరి నడుమ ఇళ్లు కూల్చడం కంటే ఊరి వెలుపల పది కిలోమీటర్లు ఎక్కువ వేయడమే తక్కువ బాధాకరం. హద్దు రాళ్లు పాతకముందే సర్వే నంబరు వారీగా గ్రామసభలో పటం చూపించాలి. భూమి పత్రాల్లో పేరున్నవారితో పాటు కౌలుదారులు, పొలంలో కూలికి వెళ్లేవారు ఎవరెవరో రాసుకోవాలి. వారికి నష్టం జరిగినా పరిహారం జాబితాలో పేరుండదు. లైను ఒక రైతు పొలాన్ని రెండు ముక్కలు చేస్తే రెండో ముక్కకు దారి ఎక్కడినుంచో అప్పుడే తేల్చాలి. కట్ట కింద వంతెన దారి ఇస్తామని చెప్పి, వర్షాకాలంలో నడుములోతు నీళ్లు నిలిచే దారి ఇవ్వడం మన దగ్గర చాలా చోట్ల జరిగిన తప్పు. లెవెల్ క్రాసింగు గేట్లు లేకుండా పైవంతెనలు, కింది దారులు కట్టాలన్న నిర్ణయం మంచిదే, కానీ ఆ కింది దారి నుంచి నీరు బయటికి పోయే ఏర్పాటు కూడా వంతెన నమూనాలో భాగమే.

ఒక సెక్షన్‌లో కనీసం ఎనభై తొంభై శాతం నేల చేతికి వచ్చి, మిగిలిన ముక్కలు వరుసగా కాక అక్కడక్కడా ఉన్నప్పుడే కాంట్రాక్టు ఇవ్వండి. పట్టాలు పరిచే యంత్రం రోజుకు కిలోమీటరున్నర దాకా సాగగలదు. దాని ముందు అర కిలోమీటరు పొలం వివాదంలో ఉంటే అంత ఖరీదైన యంత్రమూ నిలబడిపోతుంది.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. తూర్పు కారిడార్‌లో ఎక్కువ భాగానికి ప్రపంచ బ్యాంకు 2011 నుంచి మూడు విడతలుగా అప్పు ఇచ్చింది; పశ్చిమ కారిడార్‌కు జపాన్ సంస్థ జైకా ఇచ్చింది. జపాన్ అప్పుకు వడ్డీ చాలా తక్కువ, కానీ పనుల్లో జపాన్ కంపెనీలు ముందుండాలని, సామగ్రి, సేవల్లో నిర్ణీత వాటా ఆ దేశం నుంచే రావాలని షరతు ఉంటుంది. వడ్డీ రేటును ఒంటరిగా పోల్చకుండా ఈ షరతుల వల్ల పెరిగే ధరనూ, టెండర్లకు పట్టే కాలాన్నీ, రూపాయి విలువ తగ్గితే పడే భారాన్నీ కలిపి చూడాలి. మార్గాన్ని కట్టిన సంస్థ బండ్లు నడిపే రైల్వే నుంచి దారి వాడకపు రుసుము వసూలు చేసుకునే పద్ధతి మనది. రేపు ఇతరుల బండ్లను కూడా అనుమతిస్తే ఏ రేటుకన్నది ముందే ప్రకటించడం మంచిది.

రెండు కొసలు

నా దృష్టిలో ఇలాంటి మార్గం గెలుపోటములు దాని నడుమ భాగంలో తేలవు, కొసల్లో తేలుతాయి. నెదర్లాండ్స్‌లో రాటర్‌డామ్ రేవు నుంచి జర్మనీ సరిహద్దు దాకా 160 కిలోమీటర్ల సరుకు లైను 2007లోనే పూర్తయింది. సరిహద్దు అవతల జర్మనీ వైపు మూడో లైను పని మాత్రం ఏళ్ల తరబడి వెనుకబడడంతో కొత్త దారిన వేగంగా వచ్చిన బండి పాత దారి గుమ్మం దగ్గర ఆగాల్సి వచ్చింది. అమెరికాలో లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవులవారు ఇందుకు భిన్నంగా ఆలోచించారు. 2002లో తెరిచిన అలమేడా కారిడార్ పొడవు 32 కిలోమీటర్లే. అందులో సగం నగరం నడుమ కందకంలో సాగుతుంది. రేవు నుంచి ఊరి వెలుపలి యార్డు దాకా ఉన్న ఇరుకును తీసేయడమే దాని పని, కట్టడానికి చేసిన అప్పును కంటైనర్‌కు ఇంత అని వసూలు చేసే రుసుముతో తీరుస్తూ వస్తున్నారు.

మన పశ్చిమ కారిడార్‌లో వైతరణ నుంచి జవహర్‌లాల్ నెహ్రూ రేవు దాకా ఉన్న చివరి 102 కిలోమీటర్లే అన్నిటికంటే వెనుకబడ్డాయి. ముంబయి పరిసరాల్లో నేల దొరకడం ఎంత కష్టమో ఊహించవచ్చు. అయినా మార్గం పనికిరాకుండా పోలేదు, ఎందుకంటే రేవారి నుంచి పాలన్‌పుర్ దాకా లైను ముందే తెరుచుకోవడంతో గుజరాత్‌లోని ముంద్రా, పిపావావ్ రేవుల సరుకు పాలన్‌పుర్ దగ్గర కారిడార్ ఎక్కగలిగింది. దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఏమిటంటే, సెక్షన్లను కట్టే వరుసను కాంట్రాక్టర్ సౌకర్యాన్ని బట్టి నిర్ణయించకూడదు. రెండు చివరలూ సరుకు ఉన్నచోట తేలే సెక్షన్‌ను ముందుగా పూర్తి చేయాలి.

ఉపమార్గాల పని అంత కనిపించదు గానీ మిక్కిలి ముఖ్యం. కారిడార్ 25 టన్నుల ఇరుసును మోస్తుంది. గని నుంచి కారిడార్ దాకా వచ్చే పాత లైను 22.9 టన్నులే మోస్తే వ్యాగన్‌ను 22.9కే నింపాలి, అదనపు బలమంతా వృథా. ఒకటిన్నర కిలోమీటరు పొడవైన బండి 700 మీటర్ల లూప్ లైన్లున్న జంక్షన్‌కు చేరితే దాన్ని రెండుగా విడదీయాలి, అందుకు గంటలు పడతాయి. కాబట్టి ప్రధాన మార్గం అంచనాలోనే ఉపమార్గాల బలోపేతం, దించే చోట పొడవైన లైన్లు, రేవులోని యార్డు విస్తరణ చేర్చాలి. రాయలసీమ వైపు సరుకు రేణిగుంట–గూడూరు దారి రద్దీలో చిక్కుకోకుండా కృష్ణపట్నం రేవుకు చేరడానికి ఓబులవారిపల్లె–వెంకటాచలం లైనును తలపెట్టారు. వెలిగొండల్లో 6.6 కిలోమీటర్ల సొరంగంతో అది 2019లో పూర్తయింది. ఏ కారిడార్‌కైనా ఇలాంటి చిన్న లైన్లే ప్రాణవాయువు అందిస్తాయి.

సరుకు యజమానికి కావాల్సింది గోదాము నుంచి గోదాముకు చేరడం. లారీ నేరుగా గుమ్మం ముందుకు వస్తుంది, రైలు రాదు. అందువల్ల జాతీయ రహదారి ఈ రైలు మార్గాన్ని దాటే చోట్లలో టెర్మినళ్లకు స్థలం అట్టిపెట్టాలి. ప్రైవేటువారు టెర్మినళ్లు కట్టుకునేందుకు 2021 డిసెంబరులో వచ్చిన గతిశక్తి కార్గో టెర్మినల్ విధానం అనుమతులను కొంత సులువు చేసింది. న్యూ పాలన్‌పుర్–న్యూ రేవారి మధ్య పాల ట్యాంకర్లను లారీలతో సహా వ్యాగన్ల మీద ఎక్కించి పంపుతున్నారు. త్వరగా పాడయ్యే పాలు రైలెక్కాయంటే వేళకు చేరుతుందన్న నమ్మకం కుదిరిందని అర్థం. మన రొయ్యలకు, మామిడికి, మిర్చికి అలాంటి సేవ కుదురుతుందా అని ఆక్వా రైతు సంఘాలతోనూ మార్కెట్ యార్డులతోనూ టెర్మినల్ నమూనా గీయకముందే మాట్లాడాలి.

నడిపే రోజు

బండ్లు నడపడం మొదలయ్యాక పాత అలవాటు తిరిగి రాకుండా చూడాలి. తూర్పు కారిడార్‌ను ప్రయాగ్‌రాజ్ నుంచి, పశ్చిమ కారిడార్‌ను అహ్మదాబాద్ నుంచి ఒక్కొక్క నియంత్రణ కేంద్రం నడుపుతున్నాయి. ప్రతి గూడ్సుకు బయలుదేరే వేళ, చేరే వేళ ఉన్న టైంటేబుల్ కావాలి. అది లేకపోతే సరుకు యజమాని లారీనే నమ్ముకుంటాడు. లోకో పైలట్ల విధులు మారే చోట్లను బండి వేగం పెరిగిన మేరకు దూరంగా జరపాలి, లేకపోతే సిబ్బంది కోసం బండి ఆగే దుస్థితి వస్తుంది. పక్కన ఉన్న ప్రయాణికుల లైను మీద ప్రమాదమో వరదో వచ్చినప్పుడు రైళ్లను కారిడార్ మీదికి మళ్లించడం సమంజసమే, కానీ అది రోజువారీ అలవాటు అయితే మొదట చెప్పిన 45 నిమిషాల సమస్య మళ్లీ మొదటికి వస్తుంది.

మరమ్మతుకు రోజూ నిర్ణీత సమయం వదలాలి, బండ్లు ఎన్ని క్యూలో ఉన్నా సరే. 25 టన్నుల ఇరుసులు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో నిరంతరం దొర్లే పట్టాలలో అలసట వల్ల కంటికి కనిపించని పగుళ్లు పుడతాయి. వాటిని అతిధ్వని పరికరాలతో నిర్ణీత వ్యవధుల్లో వెతకాలి, పట్టాల పైభాగాన్ని అరగదీసి సరిచేసే యంత్రాన్ని తిప్పాలి. అరిగి చదునైన చక్రం ప్రతి తిరుగుడుకు పట్టాను సుత్తితో కొట్టినట్లు కొడుతుంది, కనుక చక్రాల దెబ్బను కొలిచే పరికరాలు, వేడెక్కిన ఇరుసు పెట్టెలను పసిగట్టే పరికరాలు దారి పొడవునా ఉండాలి. అవి హెచ్చరించిన వ్యాగన్‌ను తరువాతి స్టేషన్‌లోనే విడదీసే అధికారం అక్కడి సిబ్బందికి రాతపూర్వకంగా ఇవ్వాలి.